బల్లార్షా బొగ్గుపొడి, ల్యాప్‌టాప్ ఫ్యాను

మే నెల వచ్చిందంటే బల్లార్షాలోని నా రిపేరు కొట్టు బల్ల మీద ల్యాప్‌టాప్‌లు వరసకడతాయి. బయట ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, గాలిలో ఎప్పుడూ ఉండే బొగ్గుపొడి ఉండనే ఉంటుంది. నాన్న మంచిర్యాల వైపు నుంచి గని పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఆయన చొక్కా జేబులు దులిపితే రాలిన నల్లపొడే ఇప్పుడు నాకు ఫ్యాన్లలో కనిపిస్తోంది.

మొన్న డిగ్రీ చదివే పిల్ల ఒకతె వచ్చింది. "అక్కా, మిక్సీ తీరు ఒర్రుతున్నది. ఫ్యాను మార్చాలంట గదా?" అంది. మార్చాలో వద్దో ముందు చెవితో తేల్చుకోవాలి. హోరుమని గాలి మోత మాత్రమే ఉంటే ఫ్యాను బాగానే ఉన్నట్టు, దారికే దుమ్ము అడ్డం పడి ఉంటుంది. బరబరమని రాపిడి వినిపించినా, ల్యాప్‌టాప్‌ను పక్కకు వంచితే శబ్దం మారినా బేరింగ్ అరిగినట్టే. బరువైన పని నడుస్తున్నప్పుడు వేడిగాలి బయటికి వచ్చే సందు దగ్గర సన్నని కాగితం ముక్క పెట్టండి. కాస్త కూడా కదలకపోతే ఫ్యానైనా ఆగిపోయి ఉండాలి, లోపల దారైనా పూర్తిగా పూడిపోయి ఉండాలి.

కొత్త ఫ్యాను కొనకముందే ఒకసారి విప్పి చూడండి. ల్యాప్‌టాప్ మోడల్ పేరొక్కటి చెబితే సరిపోదు. ఒకే మోడల్‌లో గ్రాఫిక్స్ కార్డు ఉన్నదానికి ఒక ఫ్యాను, లేనిదానికి ఇంకొకటి ఉండొచ్చు. పాత ఫ్యాను స్టిక్కర్ మీది నంబరు, వోల్టులు (ఎక్కువగా 5, కొన్నింటికి 12), తీగలు మూడా నాలుగా అన్నది ఫొటో తీసుకోండి. నేనైతే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచో, నాగపూర్ సీతాబర్డీ నుంచో తెప్పిస్తాను. వచ్చాక పాతదాని పక్కన పెట్టి స్క్రూ రంధ్రాలు, రెక్కల వంపు పోల్చి చూస్తాను.

ఇక పని. స్లీప్‌లో పెట్టడం కాదు, పూర్తిగా షట్‌డౌన్ చేసి చార్జర్ పీకెయ్యాలి. అట్టముక్క మీద ల్యాప్‌టాప్ అడుగుభాగం బొమ్మ గీసి, విప్పిన ప్రతి స్క్రూను దాని చోటే గుచ్చండి. పొడుగు స్క్రూ పొట్టిదాని చోట బిగిస్తే పైకి పొడుచుకొస్తుంది. ఒకటి రెండు స్క్రూలు రబ్బరు కాళ్ల కింద దాక్కుని ఉంటాయి. మూత రావడం లేదంటే బలం చూపకండి, ఇంకా స్క్రూ ఎక్కడుందో వెతకండి. మూత తీశాక మొట్టమొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, పవర్ బటన్ 15 సెకన్లు నొక్కి పట్టాలి.

ఫ్యాను కనెక్టర్ దగ్గర మాత్రం నిదానించండి. పని నేర్చుకునే రోజుల్లో నేను తీగ పట్టుకుని లాగాను. మదర్‌బోర్డు మీది తెల్ల సాకెట్టే ఊడి చేతికొచ్చింది. దాన్ని మళ్లీ సోల్డర్ చేయించడానికి ఫ్యాను ధరకు మూడింతలు నా చేతి నుంచి పెట్టుకున్నాను. ఆ కనెక్టర్ గోరంత కూడా ఉండదు. రెండు చెవుల కింద ప్లాస్టిక్ పిక్ పెట్టి, ఇటు కొంచెం అటు కొంచెం జరుపుతూ ఊడదీయాలి. తీగ మీద చెయ్యి వెయ్యొద్దు.

ఫ్యాను పైకి తీయగానే హీట్‌సింక్ (చిప్ వేడిని లాగి గాలికి వదిలే భాగం) రాగి రేకుల ముందు చూడండి. ఆ పిల్ల ల్యాప్‌టాప్‌లో అక్కడ నల్ల కంబళి ముక్కలాంటి పొర పేరుకుంది. ట్వీజర్‌తో పట్టుకుంటే ఒకే పట్టీగా వచ్చింది, బొటనవేలంత వెడల్పు. ఈ పొరను వదిలేసి కొత్త ఫ్యాను బిగించి లాభం లేదు. పొడి పెయింట్ బ్రష్‌తో దులపండి. తడిగుడ్డ ఆనించొద్దు, బోర్డు మీద తడి బొగ్గుపొడి షార్ట్ చేస్తుంది. బ్లోయర్ పెడితే రెక్కలను పుల్లతో ఆపి పట్టండి, గాలికి విపరీతంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

కొన్నింటిలో ఫ్యాను విడిగా వస్తుంది. అప్పుడు హీట్‌సింక్ జోలికి పోవద్దు. రెండూ కలిసి ఉంటే హీట్‌సింక్ స్క్రూలను పక్కనున్న 1, 2, 3, 4 అంకెలు చూసి 4 నుంచి 1 దాకా వెనక వరసలో, కొంచెం కొంచెంగా వదులు చేయాలి. చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య వేడిని దాటించే పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, చిప్ నడుమ బియ్యపు గింజంత కొత్త పేస్టు పెట్టి, ఈసారి అంకెల వరసలోనే బిగించండి.

తీగ రెక్కలకు తగలకుండా దాని గాడిలో పోనిచ్చి, చివరగా బ్యాటరీ పెట్టండి. చార్జర్ పెడితేగానీ మొదటిసారి లేవని మోడల్స్ ఉన్నాయి, కంగారు పడకండి. ఆన్ చేయగానే ఫ్యాను తిరగకపోయినా ఫర్వాలేదు, వేడెక్కాక తిరుగుతుంది. పది నిమిషాలు వీడియో నడిపి, మళ్లీ ఆ కాగితం ముక్కే పెట్టి చూడండి.

ఆ పిల్లకు ఫ్యాను మార్చనే లేదు. బేరింగ్ గట్టిగా ఉంది, పొర తీసి పేస్టు వేసి ఇచ్చాను. దీపావళి తర్వాత ఒకసారి తెచ్చి దులిపించుకొమ్మన్నాను.