పారాథైరాయిడ్ ఆపరేషన్‌కి ముందు ఏ స్కాన్ ఎందుకు, ఏది ముందు ఏది తర్వాత

మా అమ్మకి రెండుసార్లు కిడ్నీలో రాళ్లొచ్చినాయి, ఒళ్లంతా ఎముకల నొప్పులు, మాది కనిగిరి పక్క ఊరు కాబట్టి అన్నీ ఫ్లోరైడ్ నీళ్ల మీదకే తోసేశాం. ఒంగోల్లో ఒక డాక్టర్ గారు కాల్షియం చేయించమంటే 11.8 వచ్చింది, పీటీహెచ్ (పారాథైరాయిడ్ గ్రంథులు వదిలే హార్మోన్) కూడా ఎక్కువే, అప్పుడు తెలిసింది అసలు సంగతి, మెడలో పారాథైరాయిడ్ గ్రంథి చెడి ఆ హార్మోన్ ఎక్కువ వదిలి రక్తంలో కాల్షియం పెంచేస్తోందని.

ముందు ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి, జబ్బు ఉందా లేదా అనేది తేలాల్సింది రక్తపరీక్షలో, స్కాన్‌లో కాదు. కాల్షియం, పీటీహెచ్, విటమిన్ డి, 24 గంటల మూత్రంలో కాల్షియం, ఇవన్నీ చూసి డాక్టర్ ఆపరేషన్ అన్నాకే స్కాన్ సంగతి. ఫ్లోరోసిస్ ఉన్నోళ్లకి కూడా పీటీహెచ్ పెరగొచ్చు, అందుకని మన వైపోళ్లు ఒక్క పీటీహెచ్ చూసి కంగారు పడొద్దు, పక్కన కాల్షియం ఎంతుందో చూడాలి. ఈ పారాథైరాయిడ్ గ్రంథులు మామూలుగా నాలుగు, థైరాయిడ్ వెనక, ఒక్కోటి బియ్యపు గింజంత ఉంటది. నూటికి 80 మందికి పైగా వాటిల్లో ఒక్కటే ఉబ్బుతుంది. అదెక్కడుందో ముందే దొరికితే చిన్న కోతతో పోతుంది, స్కాన్ పని అంతవరకే.

మొదట మెడ అల్ట్రాసౌండ్. ఖర్చు తక్కువ, రేడియేషన్ లేదు, కానీ మొత్తం చేసేవాళ్ల చేతిలో ఉంటది. పారాథైరాయిడ్ కోసం అని చీటీ మీద రాయించుకుని నోటితో కూడా చెప్పండి. మేం చెప్పలేదు, వాళ్లు థైరాయిడ్ గడ్డ అని రాసి సూది పరీక్ష చేయించమన్నారు. పారాథైరాయిడ్ అని అనుమానం ఉన్నచోట మామూలుగా సూది పెట్టరు, కణాలు పక్కకి చెదిరే ప్రమాదం ఉంది, అక్కడంతా అతుక్కుపోయి ఆపరేషన్ కూడా కష్టమవుతుంది. ఇంకోటి, గాలిగొట్టం వెనక, రొమ్ము ఎముక కింద దాక్కున్న గ్రంథి అల్ట్రాసౌండ్‌కి కనపడదు.

దానికి జోడీ సెస్టామిబి స్కాన్. కొద్దిపాటి రేడియేషన్ ఉన్న మందు ఇంజెక్షన్ ఇచ్చి 10-15 నిమిషాలకి ఒకసారి, దాదాపు 2 గంటలకి ఇంకోసారి ఫొటోలు తీస్తారు, ఈలోపు థైరాయిడ్‌లోంచి మందు దిగిపోతుంది, చెడిన గ్రంథిలో మాత్రం చాలాసార్లు నిలిచిపోతుంది. ఛాతీ దాకా చూస్తారు, అదీ దీని గొప్ప. స్పెక్ట్ సీటీతో (చుట్టూ తిరుగుతూ తీసిన ఫొటోలకి సీటీ జత చేసేది) కలిపి చేస్తారా అని అడగండి, అప్పుడే ఎంత లోతులో ఉందో తెలుస్తుంది. గ్రంథి చిన్నదైనా, ఒకటికి మించి చెడినా ఇది తప్పిపోతుంది, థైరాయిడ్ గడ్డలు కూడా దీన్ని మోసం చేస్తాయి. దీనికోసం నెల్లూరోళ్లు తిరుపతో వెల్లూరో చెన్నైయో పోతుంటారు, ఒంగోలు వైపు నుంచి గుంటూరు, విజయవాడ, హైదరాబాద్. సగం రోజు పడుతుంది, పొద్దున్నే చేరేట్టు బయల్దేరండి.

రెండూ ఒకే చోటు చూపిస్తే చాలామందికి ఇంకేం అక్కర్లేదు, ఊరికే డబ్బులు పొయ్యొద్దు. ఒకటి కుడి, ఒకటి ఎడమ అన్నా, రెండూ ఏం చూపించకపోయినా, ముందొకసారి ఆపరేషన్ అయ్యి ఫెయిలైనా అప్పుడు పెద్ద స్కాన్లు. ఫోర్ డీ సీటీలో కాంట్రాస్ట్ మందు ఎక్కించి వరసగా ఫొటోలు తీస్తారు, చెడిన గ్రంథి గబుక్కున వెలిగి గబుక్కున ఆరిపోతుంది. వివరం చాలా బాగా వస్తుంది కానీ రేడియేషన్ ఉంది, ముందు క్రియాటినిన్ తప్పకుండా చూపించుకోండి, ఈ జబ్బోళ్లకి కిడ్నీలు ముందే దెబ్బతిని ఉండొచ్చు. ఇంకోటి ఫ్లోరోకోలిన్ పెట్ సీటీ, సెస్టామిబికి చిక్కని చిన్నవి కూడా చాలా పట్టిస్తుంది. దీనికి ఎక్కించే రేడియేషన్ మందు దాదాపు 110 నిమిషాలకి సగం అయిపోతుంది, అందుకే పెద్ద సిటీల్లోనే, అది కూడా అన్ని సెంటర్లలో ఉండదు, ఫోన్ చేసి ఏ రోజు మందు వస్తుందో కనుక్కుని పోండి. కిడ్నీ వీక్‌గా ఉంటే నేనైతే సీటీ కంటే దీని గురించే ముందు డాక్టర్‌ని అడుగుతాను. గర్భిణులకి మాత్రం అల్ట్రాసౌండే, ఇంజెక్షన్ స్కాన్ల జోలికి పోనివ్వరు.

అన్ని స్కాన్లూ ఖాళీగా వచ్చినా జబ్బు లేదని కాదు, ఆపరేషన్ ఆగాల్సిన పనీ లేదు. అలవాటున్న సర్జన్ నాలుగు గ్రంథులూ తెరిచి చూసి తీస్తారు. అందుకే నన్నడిగితే స్కాన్ సెంటర్ కంటే ముందు ఈ ఆపరేషన్లు తరచూ చేసే ఎండోక్రైన్ సర్జన్‌ని వెతుక్కోవాలి, ఏ స్కాన్ కావాలో ఆయన్నే చెప్పనివ్వాలి. ఆపరేషన్ మధ్యలో పీటీహెచ్ చూసే ఏర్పాటుందా అని కూడా అడగండి, గ్రంథి తీసిన 10 నిమిషాలకి అది సగానికి పైగా పడిపోతే సరైనదే తీసినట్టు లెక్క.

పోయేటప్పుడు రిపోర్ట్ కాగితాలే కాదు, అన్ని స్కాన్ల సీడీలూ ఒకే సంచిలో పెట్టుకోండి. మా అమ్మ సెస్టామిబి రిపోర్ట్‌లో ఏం లేదని రాసుంటే, సర్జన్ గారు సీడీ పెట్టి చూసి ఎడమ పక్క కింద ఉన్నదాన్ని పట్టుకున్నారు, ఆపరేషన్‌లో అదే దొరికింది.