గదిని కట్టడం – నాలుగో పాఠం: లోపలికొచ్చిన మనిషికి ఏ చోటిస్తాం?

ఆడవాళ్ళ మీద జరిగే హింస గురించి ఒక గదినే కళగా మలిచి, జనం లోపలికొచ్చి చూసేలా చేసే ఇన్‌స్టలేషన్ పనిలో మూడు పాఠాలు అయ్యాయి. మొదటిదాంట్లో ఏ విషయం మీద గది కట్టాలో తేల్చుకున్నాం. రెండోదాంట్లో బాధపడిన ఆడవాళ్ళ మాటలను వాళ్ళ ఇష్టంతో, పేరూ ఊరూ బయటపడకుండా ఎట్లా సేకరించాలో చూశాం. మూడోదాంట్లో వెదురు, గుడ్డ, వెలుతురు పని నేర్చుకున్నాం. ఇప్పుడు మీ చేతిలో ఒక విషయం, పది పన్నెండు వాక్యాలు, సుమారు పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవున్న ఒక ఖాళీ గది ఉన్నాయి. సెలవుల్లో మూసి ఉన్న స్కూలు గదైనా సరే, కల్యాణ మండపంలో సామాన్లు పెట్టుకునే గదైనా సరే.

మొదటి మేకు కొట్టేముందు ఒక ప్రశ్నకు జవాబు రాసుకోండి. ఈ గదిలోకి వచ్చే మనిషి ఇందులో ఎవరు?

కొత్తగా ఇన్‌స్టలేషన్ చేసేవాళ్ళలో చాలామంది ఒకే జవాబు రాస్తారు: బాధితురాలు. గది చీకటి చేస్తారు, స్పీకర్లో అరుపులు పెడతారు, వచ్చినవాళ్ళ మీదికి నీడలు ఉరికొచ్చేట్టు చేస్తారు. ఆ బాధ వీళ్ళకూ తెలియాలన్నది వాళ్ళ ఉద్దేశం. ఉద్దేశం మంచిదే, పని మాత్రం జరగదు. నాలుగు నిమిషాల చీకటిలో నిలబడిన మగవాడికి పదేళ్ళ కాపురంలోని భయం అర్థం కాదు. చీకటి భయమే అర్థమవుతుంది. బయటికొచ్చి ‘అబ్బా, ఎంత భయమేసిందో’ అంటాడు. ఆ మాటలో ఆమె ఎక్కడా లేదు.

దీనికి మనస్తత్వ శాస్త్రంలో గట్టి ఆధారం ఉంది. 1997లో డేనియల్ బాట్సన్ అనే అమెరికన్ పరిశోధకుడు, ఆయన సహచరులు కొంతమందికి కష్టంలో ఉన్న ఒక అమ్మాయి కథ వినిపించారు. వినేటప్పుడు కొందరిని ‘ఆ అమ్మాయికి ఎట్లా ఉంటుందో ఊహించండి’ అన్నారు. ఇంకొందరిని ‘ఆమె చోట మీరుంటే మీకెట్లా ఉంటుందో ఊహించండి’ అన్నారు. ఇద్దరికీ ఆమె మీద జాలి, దగ్గరితనం కలిగాయి. కానీ రెండో గుంపువాళ్ళకు వాటితోపాటు సొంత బెంగ కూడా పట్టుకుంది. సొంత బెంగ పట్టుకున్న మనిషి ముందు తన బెంగ తీర్చుకునే దారి చూస్తాడు. మన గదిలో ఆ దారి తలుపే. అందుకే అరుపుల గదుల్లోంచి జనం తొందరగా బయటపడతారు.

మరి ఏ చోటివ్వాలి? దీని గురించి ఆలోచించడానికి తిరుపతి వాళ్ళం దూరం పోనక్కర్లేదు. మే నెలలో గంగమ్మ జాతర జరిగేటప్పుడు ఊరంతా ఒక కథ లోపలికి వెళ్ళిపోతుంది. ఆడపిల్లలను చెరబట్టే పాలెగాడు, వాణ్ణి వెతుక్కుంటూ రోజుకో వేషం వేసే గంగమ్మ. బైరాగి, బండ, తోటి, చివరికి దొర. దొరకు దండం పెట్టడానికి బయటికొచ్చిన పాలెగాణ్ణి అమ్మ చంపుతుంది. ఆ మరుసటి వేషం మాతంగి. చచ్చినవాడి ఇంటి ఆడవాళ్ళను ఓదార్చడానికి అమ్మ వెళ్ళిందని మా పెద్దవాళ్ళు చెప్తారు. ఇన్నేళ్ళుగా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన వేషం అదే. దుర్మార్గుడి ఇంట్లోనూ ఆడవాళ్ళున్నారనీ, వాళ్ళకూ ఒక గడప ఉందనీ జాతర మరిచిపోలేదు.

ఇప్పుడు జాతరలో మనుషులకు దొరికే చోటు గమనించండి. మొక్కుకున్న మగవాడు చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టుకుని తాతయ్యగుంట గుడికి నడుస్తాడు. ఆ చీర అమ్మదో, భార్యదో. కట్టబెట్టేదీ వాళ్ళే. చెరబడిన ఆడపిల్లగా నటించమని అతన్ని ఎవరూ అడగరు. అమ్మ రూపంలో కొంత తాను మోస్తాడు. వేషం వేయనివాళ్ళు గుమ్మం ముందు నీళ్ళు చల్లి ఎదురుచూస్తారు. ప్రతి ఒక్కరికీ ఒక పని ఉంది, ఆ పని నిజంగా వాళ్ళు చేయగలిగిందే. మన గదికీ ఇదే సూత్రం. వచ్చిన మనిషికి అతను నిజ జీవితంలో నిలబడే చోటే ఇవ్వండి. ఆ చోటులో ఉంటూ ఏం వింటాడు, ఏం వినకుండా దాటేస్తాడు అన్నది అతనికి కనబడేలా చేయండి.

బయటి దేశాల్లో నిలిచిన పనులను ఈ కంటితో చూడండి. 1978లో మోనికా మాయెర్ అనే కళాకారిణి మెక్సికో నగరంలోని మ్యూజియంలో ఒక దండెం కట్టింది. ‘ఆడదానిగా ఈ నగరంలో నాకు అన్నిటికంటే నచ్చనిది...’ అన్న వాక్యాన్ని పూర్తి చేయమని ఊళ్ళో ఆడవాళ్ళను అడిగి, వాళ్ళు గులాబీ రంగు కాగితాల మీద రాసిన జవాబులను బట్టల క్లిప్పులతో దానికి తగిలించింది. ఎక్కువమంది వీధుల్లో, బస్సుల్లో ఎదురయ్యే వేధింపుల గురించే రాశారు. అక్కడ చూసేవాళ్ళ చోటు చదివేవాళ్ళ చోటు, తన నగరం గురించి తాను చదువుకునే చోటు. 2015 జూన్ 12న కొసావోలోని ప్రిష్టినా ఫుట్‌బాల్ స్టేడియంలో అల్కేటా జాఫా మ్రీపా సుమారు 5,000 లంగాలు, గౌన్లు దండేల మీద ఆరేసింది. యుద్ధంలో అత్యాచారానికి గురై, ఏళ్ళ తరబడి నోరు విప్పలేకపోయిన ఆడవాళ్ళ కోసం. ఆ బట్టలన్నీ జనం ఇచ్చినవి. బీరువాలోంచి ఒక గౌను తీసి ఇచ్చిన మనిషి అప్పటికే ఒక మాట చెప్పినట్టు. మగవాళ్ళ ఆటస్థలంలో, అందరూ చూస్తుండగా, ఇంటి దండెం. ఆ చోటు ఎంపికే సగం పని చేసింది. మనకు దగ్గరలో, బెంగళూరులో 2003లో జాస్మీన్ పథేజా మొదలుపెట్టిన, వీధి వేధింపులకు ఎదురు నిలిచే బ్లాంక్ నాయిస్ బృందం కూడా వేధింపు ఎదురైన రోజు వేసుకున్న బట్టలను ఆడవాళ్ళ నుంచే సేకరించింది. చుడీదార్లు, చీరలు, స్కూలు యూనిఫాములు. ‘ఏం వేసుకున్నావ్’ అని అడిగేవాళ్ళు ఆ బట్టల ముందు నిలబడితే చాలు, ఇంకే బోర్డూ అక్కర్లేదు.

ఈ మూడింట్లో ఏ ఒక్కటీ చూసేవాణ్ణి బాధితురాల్ని చేయలేదు.

ఇక మన గది. ఈ పాఠానికి నేను ఎంచుకున్న విషయం ఇంట్లో జరిగే హింస. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019–21) లెక్కల్లో, దేశంలో పెళ్ళయిన 18–49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 29 మందికి పైగా భర్త చేతి హింస చవిచూసినవాళ్ళే. అంటే మనం కట్టే గదిలోకి, ఆ హింస చవిచూసిన ఆమె కూడా స్వయంగా నడిచి వస్తుంది. ఈ మాట మళ్ళీ అవసరమవుతుంది, గుర్తుంచుకోండి.

చూసేవాడికి నేనిచ్చే చోటు పక్కిల్లు. గదిని అడ్డంగా రెండు చేయండి. మధ్యలో వెదురు చట్రానికి బిగించిన కోరా నూలు గుడ్డ, అదే గోడ. తలుపు వైపు సగం పక్కింటివాళ్ళ హాలు. ఒక ప్లాస్టిక్ కుర్చీ, స్టూలు మీద నీళ్ళ చెంబు, గోడకు క్యాలెండర్, ట్యూబ్‌లైటు, ఒక చిన్న టీవీ, కుర్చీ చేతి మీద రిమోట్. అవతలి సగంలో సామాన్ల స్టాండు, దాని వెనక జీరో బల్బు. గుడ్డ మీద గిన్నెల నీడ పడాలి. మనిషి నీడ వద్దు. మనిషిని చూపిస్తే చూసేవాడు ఆమె వయసూ చీరా చూసి తీర్పు మొదలుపెడతాడు.

గోడ అవతల పాత ఫోన్‌కు కలిపిన ఒక స్పీకరు. నాలుగు నిమిషాల శబ్దం మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. కుక్కరు విజిల్. చెంచా చప్పుడు. ఒక మగ గొంతు, మెల్లగానే: ‘ఇదేనా మీయమ్మ నేర్పించింది?’ కొంచెం ఆగి, ‘ఫోన్ ఇట్లా తే.’ స్టీలు పళ్ళెం నేలమీద పడిన చప్పుడు ఒక్కటి. తర్వాత నలభై సెకన్లు ఏమీ ఉండదు. చివర్లో కొళాయి నీళ్ళు. కొట్టిన చప్పుడు, ఏడుపు రెండూ వద్దు. రెండో పాఠంలో మీరు సేకరించిన వాక్యాలను ఒప్పుకున్న వలంటీరు చేత చదివించండి. బాధపడినామె అసలు గొంతును ఎప్పుడూ వాడొద్దు, ఆమె సరేనన్నా వద్దు. మన ఊళ్ళలో గొంతు గుర్తుపట్టడం ఎంతసేపు! అత్యాచారం కేసైతే బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం కూడా.

శబ్దం ఎంత పెట్టాలన్నది అసలు మెలకువ. కుర్చీలో కూర్చుంటే ఏదో జరుగుతోందని తెలియాలి, మాటలు అందకూడదు. మాటలు కావాలంటే లేచి గుడ్డ దగ్గరికి వచ్చి చెవి పెట్టాలి. టీవీలో మామూలు సీరియల్లా సాగే పాట, మాటలు మీరే రికార్డు చేసి పెట్టుకోండి. రిమోట్ నొక్కితే దాని సౌండు పెరిగి అవతలి చప్పుడు మునిగిపోవాలి. లోపలికొచ్చినవాళ్ళకు ఏ సూచనా ఇవ్వకండి. కుర్చీ ఉంది, రిమోట్ ఉంది, గోడ ఉంది. కొందరు సౌండు పెంచుతారు, కొందరు తగ్గిస్తారు, కొందరు గోడ దాకా వస్తారు. ఎవరు ఏం చేసినా మీరు గమనించినట్టు కనబడొద్దు. తాను చేసింది తనకు తెలిస్తే చాలు.

టీవీ మాటల మధ్య ఒక్కసారి, ఫోన్లో మాట్లాడుతున్నట్టు ఒక ఆడగొంతు పెట్టండి: ‘మనకెందుకు మ్మే, వాళ్ళింటి విషయం. పొద్దన్నే ఇద్దరూ బండెక్కి పోతారు సూడు.’ ఈ మాట మనందరం విన్నదే. గదిలో దీనికంటే బరువైన వాక్యం ఇంకొకటి అక్కర్లేదు.

ఇక బయటికొచ్చే దారి. చూసి కదిలిపోయిన మనిషికి వెంటనే చేయడానికి ఒక పని దొరకాలి. లేకపోతే ఆ కదలిక టీకొట్టు దాకా కూడా ఉండదు. గది బయట వరండాలో ఇంకొక గుడ్డ కట్టండి. దీనికి కాళహస్తి కలంకారీ పద్ధతి వాడతాం. గంజి పోయేలా ఉతికిన నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెట్టాలి. తాటిబెల్లం, చెరకు బెల్లం, తుప్పు పట్టిన ఇనుప ముక్కలు నీళ్ళలో వేసి కుండలో రెండు మూడు వారాలు ఊరనిస్తే కసిమి తయారవుతుంది. కుండలో అది పలచటి గోధుమరంగు నీళ్ళే. కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే ఇనుమూ కరక్కాయలోని వగరూ కలిసి నల్లబడిపోతుంది. పాలలోని కొవ్వు వల్ల గీత పాకకుండా నిలుస్తుంది. వెదురు పుల్ల మొనకు గుడ్డ చుట్టి దారం కట్టిన కలం ఇచ్చి రాయమనండి. రాసేవాళ్ళ కళ్ళ ముందే అక్షరం నల్లబడుతుంది, ఇక కడిగినా పోదు. మార్కరు పెన్ను ఇచ్చి చూడండి, కలం ఇచ్చి చూడండి. కలంతో జనం తక్కువ రాస్తారు, నిదానంగా రాస్తారు. మనకు కావలసింది అదే.

ఏం రాయమని అడుగుతాం? ‘మీకేమనిపించింది’ అని మాత్రం అడగొద్దు. ‘చాలా బాధేసింది’ అని రాసి తేలికపడి వెళ్ళిపోతారు. ‘రేపు గోడ అవతల ఇట్లా వినబడితే మీరు చేసే మొదటి పని ఏంటి?’ అని అడగండి. ‘పెరుగు తోడు కావాలని తలుపు కొడతా’ అని ఒకరు రాస్తే, వెనకొచ్చే పదిమందికి అది చేయగలిగిన పనిగా కనబడుతుంది. 2008లో బ్రేక్‌త్రూ సంస్థ దేశమంతా నడిపిన ‘బెల్ బజావో’ (బెల్ కొట్టండి) ప్రచారం నిలబడింది ఈ ఆలోచన మీదే. పక్కింటివాడు బెల్ కొడతాడు, ఏదో చిన్నది అడుగుతాడు. లోపల ఆ చెయ్యి ఆగుతుంది.

నూటికి 29 మంది అన్న మాట ఇప్పుడు. గుమ్మం దగ్గరే లోపల ఏముందో రెండు వాక్యాల్లో రాసి పెట్టండి. తలుపు ఎప్పుడూ వేయొద్దు. బయట నీళ్ళతో, ఊరికే కూర్చుని వినగలిగిన ఒక అక్కను ఉంచండి. ఆమె సలహాలు ఇవ్వకూడదు. 181 మహిళా హెల్ప్‌లైను, 112 అత్యవసర నంబరు, హింసకు గురైన ఆడవాళ్ళకు సాయం చేసే సఖి కేంద్రం దగ్గరలో ఎక్కడుందో దాని చిరునామా చేతిలో ఇమిడేంత చీటీల మీద ఉండాలి. ఇంట్లో దొరికినా ప్రమాదం లేకుండా చీటీకి రెండోవైపు మామూలు పంచాంగం అచ్చు వేయించండి. ఈ ఏర్పాట్లు కుదరకపోతే గది తెరవడం వాయిదా వేయండి, దీంట్లో నేను రాజీపడను.

అభ్యాసం. మన జిల్లాల్లో ఇంకా వినబడే మాతమ్మ ఆచారం మీద గది కట్టాలనుకోండి. ఆడపిల్లను దేవతకు అంకితం చేసి, ఆ తర్వాత ఆమె బతుకును ఊరి ఇష్టానికి వదిలేసే ఆచారం. 1988లోనే రాష్ట్రం చట్టం చేసి ఇట్లాంటి అంకితాలను నిషేధించింది. ఈ గదిలో చూసేవాడి చోటు ఏది? తాళి కట్టే తంతుకు వచ్చిన చుట్టమా, దూరంగా నిలబడిన ఊరి పెద్దా, ఆ పిల్లతో ఐదో తరగతి చదివిన స్నేహితురాలా? మూడు చోట్లకూ మూడు బొమ్మలు గీయండి. ప్రతి బొమ్మలోనూ కుర్చీ ఎక్కడ, తలుపు ఎక్కడ, చూసేవాడి చేతికి దొరికే వస్తువు ఏది అన్నవి గుర్తు పెట్టండి. తర్వాత ఆ బొమ్మలను మాతమ్మల కుటుంబాల నుంచి వచ్చిన ఒక ఆడమనిషికి చూపించి, వద్దన్నదాన్ని అక్కడికక్కడే తీసేయండి.

ఐదో పాఠం శబ్దం రికార్డు చేయడం గురించి. దానికి ముందు కసిమి కుండ పెట్టేయండి, పాఠం వచ్చేసరికి ఊరుతుంది. మీ ఇంట్లోనే ఒక సాయంత్రం ఫోన్ కిటికీలో పెట్టి, పక్కిళ్ళ మాటలు పడకుండా, గిన్నెలు, కొళాయి, కుక్కరు చప్పుళ్ళు మాత్రం పది నిమిషాలు పట్టి ఉంచుకోండి.