డ్రైయర్ లైన్ మీదే కారు చార్జింగ్

బట్టల డ్రైయర్‌కున్న 240 వోల్టుల, 30 ఆంపియర్ల లైన్‌నే కారుకీ వాడుతున్నాను. ఒకే సాకెట్‌ని రెండుగా చీల్చే మామూలు వై స్ప్లిట్టర్ పెట్టలేదు. రెండూ చెరో 24 ఆంపియర్లు లాగితే బ్రేకర్ పడుతుంది, అదీ వైరు బాగా వేడెక్కాకే. డ్రైయర్ కరెంటు లాగగానే కారుకి ఆపేసి, దాని పని అయ్యాక మళ్ళీ ఇచ్చే ఆటోమేటిక్ స్విచ్ బిగించాను.

చార్జింగ్ గంటల తరబడి సాగే లోడు కాబట్టి లైన్ సామర్థ్యంలో 80 శాతమే వాడాలి, అంటే 24 ఆంపియర్లు. ఈ పరిమితిని చార్జర్ లోపలి డిప్ స్విచ్‌తోనే (బోర్డు మీదుండే చిన్న మీటలు) పెట్టాలి. యాప్ సెట్టింగును నేను నమ్మను.

అసలు కాలేది సాకెట్. చవకది వద్దు. మెయిన్ ఆపి, స్క్రూలను సాకెట్ మీద రాసిన టార్క్‌కి (తిప్పే బలం కొలత) బిగించాలి, చేతి అంచనా పనికిరాదు. తొలిసారి అరగంట చార్జయ్యాక ప్లగ్ పట్టుకుని చూడండి: గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి ఆననంత వేడైతే వెంటనే ఆపేయండి.