తుఫాను రాకముందే: ఇంట్లో దివ్యాంగులు ఉన్నవాళ్లకు, వాళ్ల ఇరుగుపొరుగుకు జాగ్రత్తలు

తుఫాను హెచ్చరిక వచ్చాక తీరం ఊళ్లలో ఏం జరుగుతుందో మనకు తెలుసు. షెల్టర్‌కి రమ్మని మైకులో చెబుతారు. పిల్లలు, గొడ్లు, పాసుపుస్తకాలు, నాలుగు బట్టలు సర్దుకునేసరికి సాయంత్రమవుతుంది, గాలి మొదలవుతుంది. నడవలేని అన్నయ్యను ఎవరు ఎత్తుకోవాలి, మంచం దిగలేని అత్తమ్మను దేంట్లో తీసుకెళ్లాలి అన్న ప్రశ్న అప్పుడు గానీ రాదు. చాలా ఇళ్లలో వాళ్లే అనేస్తారు, "నా సంగతి వదిలేయండి, మీరు పిల్లల్ని తీసుకుని పొండి" అని. ఆ మాట వాళ్ల నోట రాకుండా చూసుకోవలసింది మనమే. ఊళ్లోంచి కదిలే మొదటి బండి వాళ్లదే కావాలి.

1977లో దివిసీమ ఉప్పెన, 1996లో కోనసీమ తుఫాను వచ్చింది నవంబరులో. 2014లో విశాఖ మీద పడ్డ హుద్‌హుద్, 2018లో పలాస వైపు వచ్చిన తిత్లీ అక్టోబరులో. బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ 2023 డిసెంబరులో. కాబట్టి కింద రాసినవన్నీ దసరా లోపే అయిపోవాలి.

ముందు జాబితా సంగతి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 8వ సెక్షన్ ప్రకారం జిల్లా విపత్తుల నిర్వహణ సంస్థ ఆ జిల్లాలోని దివ్యాంగుల వివరాలు రికార్డుగా ఉంచాలి, ప్రమాదం ఉన్నప్పుడు వాళ్లకు సమాచారం అందేలా చూడాలి. ఇది ఎవరి దయా కాదు, హక్కు. ఆంధ్రప్రదేశ్‌లో పింఛను ప్రతి నెలా ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. అంటే ఏ ఇంట్లో ఎవరున్నారో గ్రామ, వార్డు సచివాలయానికి తెలుసు. ఆ లిస్టుతోనే మొదలుపెట్టొచ్చు, కానీ అదొక్కటే చాలదు. వైకల్యం ఎంతో తేల్చే సదరం పరీక్షలో 40 శాతం రానివాళ్లు, సర్టిఫికెట్ కోసం తిరుగుతున్నవాళ్లు, పనికోసం వేరే ఊరి నుంచి వచ్చి అద్దెకున్నవాళ్లు, పోయిన నెలే కాలు విరిగినవాళ్లు అందులో ఉండరు. ఆశా కార్యకర్తను, అంగన్‌వాడీ టీచర్ను కూర్చోబెట్టుకుంటే ఒక్క పూటలో ఈ పేర్లన్నీ బయటికొస్తాయి. పేరు పక్కన "కాళ్లు లేవు" అని రాసి ఊరుకోవద్దు, ఏం సాయం కావాలో రాయండి: ఎత్తాలా, చేయి అందిస్తే చాలా, సైగలు తెలిసిన మనిషి కావాలా, కరెంటుతో నడిచే మిషన్ ఏదైనా ఉందా.

ఒక్కొక్కరికి సాయం పట్టడానికి ముగ్గురిని అనుకోండి. ఒక్కరే అయితే ఆ రోజు వేటకు పోయి ఉండొచ్చు, కూలికి పక్క ఊరు వెళ్లి ఉండొచ్చు. ఆ ముగ్గురూ పక్కింటివాళ్లయితే మంచిది. బండి ఎవరిదో కూడా ముందే మాట్లాడుకోవాలి: ఆటోనా, ట్రాక్టరా, డ్రైవర్ ఫోన్ నంబరు ఎవరి దగ్గరుంది.

వాతావరణం చెడిపోవడానికి కనీసం 48 గంటల ముందు వాతావరణ శాఖ తుఫాను అలర్ట్ ఇస్తుంది, 24 గంటల ముందు హెచ్చరిక ఇస్తుంది. ఊరంతా రెండోదానికి కదిలినా, వీళ్లు మొదటిదానికే కదలాలి. చెట్టు పడ్డ రోడ్డు మీద వీల్‌చైర్ పోదు. వర్షంలో, చీకట్లో మనిషిని భుజం మీద వేసుకుని ఏటిగట్టు దాటడం ఇద్దరికీ ప్రమాదమే. తీరా తుఫాను దారి మళ్లితే ఒక రోజు ముందు వెళ్లినందుకు నష్టమేమీ లేదు.

ఎత్తడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. బాగా ఎండగా ఉన్న ఒక రోజు చూసుకుని ఒకసారి ఎత్తి చూడండి. ముందు ఆ మనిషినే అడగండి: "అక్కా, ఎక్కడ పట్టుకుంటే నొప్పి ఉండదు?" తన ఒంటి సంగతి తనకే బాగా తెలుసు. వీల్‌చైర్‌తో మెట్లెక్కించేటప్పుడు చేతులు ఆనించుకునే కమ్మీలు, కాళ్లు పెట్టుకునే పలకలు పట్టుకోకండి, చాలా కుర్చీల్లో అవి ఊడి చేతికొస్తాయి. కదలని ఫ్రేమునే పట్టుకోవాలి. వెన్నెముకకు దెబ్బ తగిలినవాళ్లను చంకల కింద చేతులు పెట్టి లాగొద్దు, నవారు మంచంతో సహా నలుగురు మోయండి. బ్యాటరీ వీల్‌చైర్ చాలా బరువు, నీళ్లు తగిలితే పాడవుతుంది. దానికి బదులు చేత్తో తోసే కుర్చీ ఒకటి ఊళ్లో ఎక్కడుందో ముందే తెలుసుకోండి.

మనిషిని తీసుకెళ్లి వీల్‌చైర్, ఊతకర్రలు, కృత్రిమ కాలు ఇంట్లో వదిలేయడం మాత్రం చేయకండి. బండిలో చోటు లేదంటారు. అవి లేకపోతే ఆ మనిషి షెల్టర్లో ఉన్నన్ని రోజులూ నేల మీద ఒక మూల ఉండిపోవాలి, మంచినీళ్లకు కూడా ఒకరిని బతిమాలుకోవాలి. నడుము కింద స్పర్శ లేనివాళ్లకు కటిక నేల మీద పడుకుంటే పుండ్లు పడతాయి, అవి మానడానికి నెలలు పట్టొచ్చు. మెత్తటి పరుపు ముక్క వెంట తీసుకెళ్లాలి, రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. ఊతకర్రల కింది రబ్బరు బుడిపెలు అరిగిపోతే ఇప్పుడే మార్పించండి, తడి గచ్చు మీద అవే జారిపడేస్తాయి.

సంచిలో రెండు వారాల మందులు, మందుల చీటీ ఫోటో ఉండాలి. ఫిట్స్ మందు, మానసిక సమస్యలకు వాడే మందు ఒక్క పూట కూడా ఆపకూడదు. ఇన్సులిన్ ఉంటే తడిగుడ్డ చుట్టిన మట్టి కుండలో, నీళ్లు తగలకుండా డబ్బాలో పెట్టుకోవచ్చు. కాథెటర్ (మూత్రం గొట్టం), డైపర్లు, వినికిడి మిషన్ బ్యాటరీలు మర్చిపోవద్దు. సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు), ఆధార్ ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. హుద్‌హుద్ తర్వాత విశాఖలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు, సెల్ సిగ్నల్ లేదు. అందుకని ఇంట్లో ఆక్సిజన్ మిషన్ మీద ఉన్నవాళ్లను షెల్టర్‌కి కాదు, అలర్ట్ రాగానే జనరేటర్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. 108కి అప్పుడే ఫోన్ చేయండి. ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ కంట్రోల్ రూమ్ నంబర్లు 112, 1070, 1800 425 0101 గోడ మీద పెద్దగా రాసి పెట్టుకోండి.

మైకు వినపడనివాళ్లకు ఊరంతా ఖాళీ అయ్యాక గానీ సంగతి తెలియకపోవచ్చు. ఫోన్‌కి మెసేజ్ పెట్టడంతో పని అయిపోయిందనుకోవద్దు, ఒక మనిషి ఇంటికి వెళ్లి చెప్పి రావాలి. రాత్రిపూట కిటికీలోంచి టార్చి మూడుసార్లు వేస్తే బయల్దేరాలి అని ముందే ఒక గుర్తు పెట్టుకోండి. చూపు లేనివాళ్లను చేయి పట్టి లాగకండి. మీ మోచేయి వాళ్లను పట్టుకోనిచ్చి, అరడుగు ముందు నడవండి. షెల్టర్‌కి చేరగానే గుమ్మం, నీళ్ల డ్రమ్ము, బాత్రూమ్ ఎక్కడున్నాయో ఒకసారి నడిపించి చూపించండి. గాలివాన తగ్గాక వాళ్లకు అలవాటైన దారి మారిపోయి ఉంటుంది, కరెంటు తీగలు తెగిపడి ఉంటాయి, ఒంటరిగా బయటికి పంపొద్దు. ఆటిజం ఉన్న పిల్లలకు గాలి హోరు, జనం గోల తట్టుకోవడం చాలా కష్టం. షెల్టర్‌గా వాడే బడికి మామూలు రోజుల్లో రెండు మూడుసార్లు తీసుకెళ్లి అలవాటు చేయండి. చెవులకు దూది, తనకిష్టమైన దుప్పటి, గోడవైపు కొంచెం చోటు ఉంటే చాలావరకు కుదురుకుంటారు. జేబులో పేరు, ఫోన్ నంబరు రాసిన కార్డు ఉంచండి.

సర్పంచులు, వార్డు పెద్దలు ఇప్పుడే ఒకసారి షెల్టర్‌కి వెళ్లి చూడండి. తీరంలో చాలా తుఫాను షెల్టర్లు స్తంభాల మీద ఎత్తుగా కట్టినవి. ర్యాంపు ఉందా, ఉంటే దాని మీద ఇసుక బస్తాలు పేర్చేశారా? బాత్రూమ్ తలుపులోంచి వీల్‌చైర్ పడుతుందా? కింద కూర్చోలేనివాళ్లకు కమోడ్ లేకపోతే, గట్టి ప్లాస్టిక్ కుర్చీ మధ్యలో గుండ్రంగా కోసి, అంచులు గీసుకోకుండా గుడ్డ చుట్టి కిందో బకెట్ పెడితే ఆ నాలుగు రోజులకు సరిపోతుంది. ఈ ఏర్పాటు లేకనే చాలామంది తిండి, నీళ్లు మానేసి కూర్చుంటారు. ఆడవాళ్ల బాత్రూమ్‌కి లోపల గడియ, బయట లైటు ఉండి తీరాలి. మైకులో చెప్పే ప్రతి మాటా బోర్డు మీద కూడా రాయించండి. భోజనానికి లైన్లో నిలబడలేనివాళ్లకు వాళ్లున్న చోటికే పంపండి.

తీరానికి దూరంగా ఉన్నాం కదా అనుకోకండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడ సింగ్ నగర్‌ను, మున్నేరు ఖమ్మాన్ని ముంచాయి. కింది అంతస్తులో ఉండేవాళ్లు, పై అంతస్తులో ఎవరింటికి వెళ్లాలో ఇప్పుడే మాట్లాడుకోండి. కరెంటు పోతే లిఫ్ట్ ఉండదు, కాబట్టి నీళ్లు వీధిలోకి రాకముందే పైకి చేరాలి.

తిరిగొచ్చాక నష్టం రాసుకోవడానికి అధికారులు వస్తారు. ఇల్లు, పంట, పడవ, వలలతో పాటు కొట్టుకుపోయిన ట్రైసైకిల్, విరిగిన కృత్రిమ కాలు, తడిసిన వినికిడి మిషన్ కూడా ఫోటో తీసి రాయించండి. వేలిముద్ర పడనివాళ్లు, గుమ్మం దాటలేనివాళ్లు సాయం అందక ఉండిపోకుండా, సాయానికి అనుకున్న ఆ ముగ్గురిలో ఒకరు వాళ్ల కార్డు తీసుకుని సచివాలయానికి వెళ్లి మాట్లాడాలి.