ఈసీహెచ్‌ఎస్‌లో మానసిక వైద్యం, తాగుడు మాన్పించే చికిత్స: రెఫరల్ దగ్గరే జాగ్రత్త

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు మాజీ సైనికుల ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది: "సెంటర్‌లో చేర్పించినం, పైసలు కట్టినం, బిల్లు మాత్రం రాలే." మందు మాన్పిస్తామని బోర్డు పెట్టిన ప్రతిచోటా ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) కార్డు చెల్లదు. ఆ సంగతి సెంటర్ ఏజెంట్ చెప్పడు.

కార్డు లేనివాళ్లు ఈసీహెచ్‌ఎస్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. డిశ్చార్జ్ బుక్, పీపీఓ (పెన్షన్ మంజూరు కాగితం), ఆధార్, పాన్ దగ్గర పెట్టుకుంటే పని త్వరగా అవుతుంది. డిశ్చార్జ్ బుక్‌లో ఇంటిపేరు పొడి అక్షరాల్లో, ఆధార్‌లో పూర్తిగా ఉంటే మాత్రం ముందే సైనిక్ వెల్ఫేర్ ఆఫీసులో అడగండి.

అసలు చిక్కంతా రెఫరల్ దగ్గర, అంటే పెద్దాసుపత్రికి పంపుతూ డాక్టర్ రాసిచ్చే కాగితం దగ్గర. పాలిక్లినిక్‌లో (ఈసీహెచ్‌ఎస్ సొంత క్లినిక్‌లో) డాక్టర్ ముందు కూర్చోగానే చాలామంది "కడుపులో మంట, నిద్ర పడ్తలేదు" అని ఊరుకుంటారు. భార్య పక్కనే ఉన్నా, నలుగురిలో చెప్పలేక కొంగు సర్దుకుంటూ తల దించుకుంటుంది. డాక్టర్ విన్నదాన్నిబట్టి కడుపు జబ్బుల విభాగానికి రాస్తారు. ఆ కాగితంతో హైదరాబాద్ వెళ్లి సైకియాట్రీలో (మానసిక వైద్య విభాగంలో) చేరతామంటే కుదరదు, మళ్లీ పాలిక్లినిక్‌కే రావాలి. కాబట్టి తాగుడు, పీడకలలు, చచ్చిపోవాలన్న ఆలోచన, ఏది ఉంటే అది డాక్టర్‌కు ఉన్నదున్నట్టు చెప్పండి. కాగితం చేతికి రాగానే అందులో 'సైకియాట్రీ' అని ఉందో లేదో అక్కడే చూసుకోండి.

ఇంకో మెలిక. ఆసుపత్రులకు ఈసీహెచ్‌ఎస్ గుర్తింపు విభాగాలవారీగా ఇస్తారు. గుండెకు గుర్తింపు ఉన్న ఆసుపత్రికి సైకియాట్రీకి ఉండకపోవచ్చు. గుర్తింపు ఉన్నవాటి జాబితాలోంచి ఆసుపత్రిని ఎంచుకునే హక్కు మీది. "ఫలానా దానికే పోండి, బిల్లు మేం చూసుకుంటాం" అనేవాడిని నమ్మొద్దు. గుర్తింపు లేని చోట అత్యవసరమైతే తప్ప డబ్బు తిరిగి రాదు, వచ్చినా నిర్ణీత రేట్ల మేరకే.

రోజూ తాగే మనిషి, కల్తీ కల్లుకు అలవాటైన మనిషి ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, మనుషుల్ని గుర్తుపట్టకపోవచ్చు. అప్పుడు రెఫరల్ కోసం ఆగొద్దు. దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లండి. దానికి గుర్తింపు లేకపోతే 48 గంటల్లోపు పాలిక్లినిక్‌కు తెలియజేయాలి.

చికిత్స తీసుకున్నందుకు పెన్షన్ ఆగుతుందన్న టెన్షన్ వద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం వైద్య వివరాలు గోప్యంగా ఉంచాలి. తాగుడువల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా ఆ చట్టం పరిధిలోకే వస్తాయి. మనిషిని గొలుసుతో కట్టేసే సెంటర్ చట్టాన్ని మీరుతున్నట్టే.

సర్వీసులో ఉన్న పోలీసులకు, ఫైర్, 108 సిబ్బందికి ఈ కార్డు వర్తించదు. వాళ్లు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలోని సైకియాట్రీ ఓపీకి నేరుగా వెళ్లొచ్చు. మనిషి ఇల్లు కదలనంటే ఇంట్లోవాళ్లే 14416 టెలీమానస్‌కు (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కు) ఫోన్ చేయొచ్చు. ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు.