‘మనకి లెక్కలు రావు’ అనే మాట పిల్లలకి అంటకుండా

మా పాప మూడో తరగతిలో ఉండగా, తీసివేతల దగ్గర పెన్సిల్ పక్కన పెట్టేసి, “అమ్మా, మనకి లెక్కలు రావు కదా” అంది. రాకపోవడం కన్నా ఆ ‘మనకి’ అన్న మాటకే నాకు గుండె కలుక్కుమంది. నా భయాన్ని దానికి నేనే అంటగట్టాను. దాన్ని వదిలించడానికి నేను చేసినవి చెబుతాను, మీకూ పనికొస్తాయి.

ముందు ఒక వారం పాటు, హోంవర్క్ దగ్గర మీ నోటి నుంచి వచ్చే మాటలు కాగితం మీద రాసుకోండి. నా కాగితంలో “ఇదీ రాదా”, “నీ వయసులో నేనూ ఇంతే”, “నాన్న వచ్చాక చెప్పించుకో” ఉన్నాయి. మూడోది చూసి చాలా బాధపడ్డాను. లెక్కలు మగవాళ్ల పని అని ఆడపిల్లకి రోజూ చెబుతున్నానన్నమాట.

తర్వాత ఆ మాట మీకు ఎక్కడి నుంచి వచ్చిందో వెతకండి. ఏడో తరగతిలో నాకు పదకొండు మార్కులొస్తే నాన్న తల నిమిరి, “పోనీలే అమ్మా, మన వంశంలోనే లెక్కలు లేవు” అన్నారు. ప్రేమతోనే అన్నారు, నేను నమ్మేశాను. కానీ అది నిజం కాదు. బడి మొహం చూడని మా నాయనమ్మ గిద్దెలు, సోలలతో పాలు కొలిచి అమ్మేది. గోడ మీద బొగ్గు గీతలే ఆమె ఖాతా పుస్తకం. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. పాపకి ఇవి చెబితే కుంచానికి పదహారు సోలలని తనే తేల్చింది. మీ ఇంట్లోనూ ఇలాంటి మనిషి ఉండే ఉంటారు, పిల్లలకి ఆమె గురించి చెప్పండి.

ఇక హోంవర్క్ సంగతి. లెక్కలంటే భయపడే తల్లిదండ్రులు తరచూ దగ్గర కూర్చుని చేయిస్తే పిల్లలు ఆ ఏడాది తక్కువ నేర్చుకున్నారని, వాళ్లలో కూడా భయం పెరిగిందని 2015లో షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. అంతగా కల్పించుకోని ఇళ్లలో అలా జరగలేదు. అందుకే నెల రోజులు పుస్తకం ముట్టుకోలేదు, టీచర్‌తో ముందే చెప్పాను. పుస్తకం బదులు చీపురు పుల్లలు పట్టుకున్నాం.

నలభై రెండులోంచి పదిహేడు తీయాలి. పది పుల్లల కట్టలు నాలుగు, విడిగా రెండు. రెండులోంచి ఏడు ఎలా తీస్తాం? పాప కాసేపు చూసి, ఒక కట్టకున్న రబ్బరు బ్యాండు లాగేసింది. పుల్లలు చాప మీద చెదిరాయి. పన్నెండు లెక్కపెట్టి, ఏడు పక్కకి జరిపి, మిగిలిన కట్టల్లో ఒకటి తీసేసింది. “ఇరవై ఐదు!” పక్కింటి నుంచి అప్పు తెచ్చుకోవడం అని బళ్లో చెప్పేది ఇదేనని నాకూ అప్పుడే అర్థమైంది. ఆ మాట పాపతో అన్నాను కూడా. తెలియనిది తెలియదని, తప్పు పోతే “మళ్లీ చూస్తాను” అని పిల్లలు వినేలా చెప్పండి. మొహం చిట్లించకండి, నిట్టూర్చకండి. పిల్లలు మాటల కన్నా ముందు మన మొహం చూస్తారు.

నోరు జారితే ఊరుకోకండి, అక్కడికక్కడే సరిచేయండి. నిన్న గుణకారం చూసి నా నోటి వెంట “అబ్బా” అని వచ్చేసింది. వెంటనే “అది నా భయం, నీది కాదమ్మా” అన్నాను. అది తలెత్తకుండానే “ఊ” అని, మిగతా రెండు లెక్కలూ చేసుకుంది.