పొద్దున్నే నీలం పొగ: హెడ్ దించకుండా తాడుతో వాల్వ్ సీల్స్ మార్చుకోవడం

రాత్రంతా నిలబెట్టిన కారుని పొద్దున స్టార్ట్ చేయగానే సైలెన్సర్ లోంచి గుప్పున నీలం పొగ వస్తుంది. ఒకటి రెండు నిమిషాలు కమ్మేసి, తర్వాత ఏమీ జరగనట్టు ఆగిపోతుంది. బండి లాగుడు బాగానే ఉంటుంది, మైలేజీ కూడా పెద్దగా తగ్గదు. కానీ పది పదిహేను రోజులకోసారి డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ గీత కిందికి దిగుతూ ఉంటుంది.

మా ఇంట్లో ఉన్న కార్బ్యురేటర్ మారుతి 800 కి సరిగ్గా ఇదే జబ్బు వచ్చింది. చూపించిన మొదటి గ్యారేజీలో పొగ చూసి, "రింగులు పోయాయి సార్, ఇంజన్ దించి బోర్ చేయించాల్సిందే" అన్నారు. ఆ ఖర్చు విని నాన్న బండి అమ్మేద్దామన్నారు. చివరికి పోయినవి పిస్టన్ చుట్టూ ఉండే రింగులు కావు. వాల్వుల మీద ఉండే చిన్న రబ్బరు సీల్స్. ఇంజన్ దించలేదు, సిలిండర్ల పైన మూతలా ఉండే హెడ్ కూడా విప్పలేదు. ఒకటిన్నర మీటరు నైలాన్ తాడుతో పని అయిపోయింది. ఆ పద్ధతి, దానికంటే ముందు జబ్బు గుర్తుపట్టే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. జబ్బు సరిగ్గా తెలియకపోతే తాడు ఎందుకూ పనికిరాదు.

పొగ ఎప్పుడు వస్తోంది?

నీలం పొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోందని అర్థం. అంతవరకు అందరికీ తెలుసు. ఆ ఆయిల్ పైనుంచి దిగుతోందా, కింద నుంచి ఎక్కుతోందా అన్నది మాత్రం పొగ వచ్చే వేళ చెబుతుంది.

పొద్దున మొదటి స్టార్ట్‌లో మాత్రమే వచ్చి ఆగిపోతే అనుమానం వాల్వ్ సీల్స్ మీద. రాత్రి హెడ్ పైన నిలిచిన ఆయిల్ గట్టిపడిన సీల్ సందులోంచి వాల్వ్ కాడ వెంట చుక్క చుక్కగా సిలిండర్‌లోకి దిగుతుంది. స్టార్ట్ చేయగానే అదంతా ఒక్కసారి కాలుతుంది.

ఘాట్ దిగాక వచ్చే పొగ కూడా సీల్స్ వైపే వేలు చూపిస్తుంది. అరకు నుంచి అనంతగిరి మీదుగా శృంగవరపుకోట దిగేటప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు తీసి, గేర్‌లోనే చాలాసేపు దిగుతాం కదా. ఆ సమయంలో థ్రాటిల్ మూసుకుని ఉండి ఇన్‌టేక్ వైపు బలమైన పీల్పు ఏర్పడుతుంది. అది ఇన్‌టేక్ వాల్వ్ గైడ్లలోంచి, అంటే వాల్వ్ కాడ జారే గొట్టాల్లోంచి, ఆయిల్‌ని లాక్కుంటుంది. కిందికొచ్చి మళ్లీ యాక్సిలరేటర్ తొక్కగానే వెనక నీలం మేఘం. మా బండి విషయంలో నాకు నమ్మకం కుదిరింది ఆ ఘాట్ కిందనే.

అలా కాకుండా ఎప్పుడు తొక్కితే అప్పుడు, ముఖ్యంగా లోడ్ మీద ఎత్తు ఎక్కేటప్పుడు, పొగ ఆగకుండా వస్తుంటే, బండి లాగుడు కూడా తగ్గిపోతే, అప్పుడు రింగుల గురించి ఆలోచించాలి. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే లోపలి నుంచి పొగ బుస్సుబుస్సుమని కొడుతుంటే అనుమానం ఇంకా బలపడుతుంది. ఈ తాడు పద్ధతి దానికి మందు కాదు.

తెల్ల పొగ ఆగకుండా వస్తూ రేడియేటర్ నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ చూడాలి. నల్ల పొగ అయితే పెట్రోల్ ఎక్కువైంది. చోక్, కార్బ్యురేటర్, ఎయిర్ ఫిల్టర్ చూసుకోండి.

ఇంకో చిన్న పని ముందే చేయండి. ఇంజన్ పైన ఉండే టాపెట్ కవర్ నుంచి ఇన్‌టేక్ వైపు వెళ్లే బ్రీదర్ గొట్టం, అందులో వాల్వ్ ఉంటే అదీ తీసి శుభ్రం చేయండి. అది మూసుకుపోయినా ఇంజన్ ఆయిల్ తాగుతుంది. ఒక్క గొట్టం కడిగితే పోయే జబ్బుకి సీల్స్ మార్చడం ఎందుకు?

కంప్రెషన్ గేజ్‌తో ఖాయం చేసుకోవడం

నిర్ధారణకి సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే ఈ గేజ్ తప్పదు. కొనక్కర్లేదు, తెలిసిన మెకానిక్ దగ్గర గంటసేపు అడిగి తెచ్చుకోవచ్చు. ఇంజన్ వేడెక్కాక ప్లగ్గులన్నీ తీసి, ఇగ్నిషన్ కరెంటు తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టి ఒక్కో సిలిండర్ రీడింగ్ రాసుకోండి. తర్వాత ఒక్కో సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. మొదట తక్కువగా ఉన్న రీడింగ్ ఆయిల్ పోశాక బాగా పెరిగితే రింగులు లేదా బోర్ అరిగినట్టు. పెరగకపోతే వాల్వులు సరిగా కూర్చోవడం లేదు. మొదటి రీడింగులే మూడు సిలిండర్లలోనూ బాగుండి, ఒకదానికొకటి దగ్గరగా ఉండి, పొద్దున పూట మాత్రం పొగ వస్తుంటే అది సీల్స్ కేసు. తీసిన ప్లగ్గుల్లో ఒకదాని మూతి మాత్రం ఆయిల్‌తో తడిసి నల్లగా ఉంటే, ఏ సిలిండర్ సీల్ ఎక్కువ కారుతోందో కూడా తెలిసిపోతుంది.

ఈ దశలో చాలామంది చిక్కటి ఆయిల్ పోయిస్తారు, లేదా పొగ ఆపే మందు అని డబ్బా పోయిస్తారు. కొన్నాళ్లు తగ్గినట్టు ఉంటుంది. గట్టిపడిన రబ్బరు మాత్రం మెత్తబడదు.

తాడు ఎందుకు?

సీల్ మార్చాలంటే వాల్వ్ స్ప్రింగ్ తీయాలి. స్ప్రింగ్‌ని పట్టుకున్న రెండు అర్ధచంద్రాకారపు లాకులు ఊడగానే వాల్వ్‌ని పైన ఆపేది ఏదీ ఉండదు, జారి సిలిండర్‌లో పడుతుంది. అందుకే మామూలు పద్ధతిలో హెడ్ విప్పి బల్ల మీద పెట్టుకుని చేస్తారు. హెడ్ విప్పితే కొత్త గ్యాస్కెట్, టైమింగ్ బెల్ట్ పని, కూలెంట్ దించడం, హెడ్ ఫేసింగ్ (అడుగు చదును చేయించడం) అన్నీ వరసగా వస్తాయి.

గ్యారేజీల్లో కొందరు ప్లగ్గు రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి ఎక్కించి వాల్వ్‌ని పైకి నొక్కి ఉంచుతారు. మంచి పద్ధతే, కానీ ఇంట్లో కంప్రెసర్ ఉండదు. పని మధ్యలో గాలి ఆగిపోతే వాల్వ్ లోపలికి జారిపోతుంది.

విజయవాడ ఆటోనగర్‌లో సీల్స్ కొంటున్నప్పుడు కొట్లో ఉన్న పెద్దాయన అన్న మాట ఇది: "హెడ్ ఎందుకు దించడం బాబూ, ప్లగ్గు బెజ్జంలో తాడు కుక్కు, పిస్టన్ పైకి తెచ్చి నొక్కు. వాల్వ్ ఎక్కడికీ పోదు." మొత్తం కిటుకు ఆ రెండు వాక్యాల్లోనే ఉంది. పిస్టన్‌కీ వాల్వులకీ మధ్య మెత్తటి దిండులా తాడు ఉండి వాల్వులని పైకి ఆనించి పెడుతుంది.

కావాల్సినవి

ఆరు నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల మందం ఉన్న కొత్త, మెత్తటి, అల్లిన నైలాన్ తాడు ఒకటిన్నర మీటర్లు. కొబ్బరి తాడు, నూలు తాడు అసలు వద్దు, పీచు రాలి లోపలే ఉండిపోతుంది. లోపలికి వెళ్లే కొసని అగ్గిపుల్లతో కరిగించి నున్నగా చేయండి. బయట ఉండే కొసకి పెద్ద ముడి వేయండి. తాడు పొడవు కొలిచి రాసుకోండి. బయటికి తీశాక మళ్లీ కొలవాలి.

మీ మోడల్‌కి సరిపోయే వాల్వ్ సీల్స్ సెట్, టాపెట్ కవర్ గ్యాస్కెట్, హెడ్ బండిమీదే ఉండగా వాడే వాల్వ్ స్ప్రింగ్ కంప్రెసర్ (స్ప్రింగ్ నొక్కే పనిముట్టు), అయస్కాంతం పుల్ల, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకులు), నోరు సన్నగా ఉండే ప్లయర్. రాకర్లు (వాల్వులని నొక్కి తెరిచే చేతులు) వరసగా పెట్టుకోవడానికి ఒక గుడ్ల అట్ట. ఏ రాకర్ ఎక్కడిదో అక్కడికే వెళ్లాలి కాబట్టి ఆ అట్ట చాలా ఉపయోగం.

పని

ఇంజన్ పూర్తిగా చల్లారాలి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి, తాళం చెవి మీ జేబులో పెట్టుకోండి. లోపల తాడు ఉండగా ఇంట్లో ఎవరైనా సెల్ఫ్ కొడితే ఇంజన్ పాడవుతుంది.

ప్లగ్గుల చుట్టూ ఉన్న మట్టి ఊదేసి ప్లగ్గులు తీయండి. టాపెట్ కవర్ విప్పండి. టాపెట్ స్క్రూలు వదులు చేసి, సర్వీస్ మాన్యువల్‌లో చెప్పిన క్రమంలో రాకర్ షాఫ్టులు తీయండి. షాఫ్ట్ బయటికి రావడానికి పక్కన చోటు కావాలి, అడ్డొచ్చేవి ముందే తీసి పెట్టుకోండి. రాకర్లు తీసేశాక వాల్వులన్నీ మూసుకునే ఉంటాయి. తాడు ఏ వాల్వ్ సందులోనూ ఇరుక్కోదు. రాకర్లు ఉండగానే తాడు పెట్టడం నాకు ఇష్టం లేదు. తెరిచిన వాల్వ్ కింద తాడు నలిగితే వాల్వ్ వంగుతుంది.

హెడ్ మీద ఆయిల్ కిందికి దిగే రంధ్రాలు ఉంటాయి. వాటన్నిటినీ శుభ్రమైన గుడ్డ ముక్కలతో మూసేయండి. అన్నిటినీ అని మళ్లీ చెబుతున్నాను. నేను ఒక్కటి వదిలేశాను, ఒక లాకు అందులోంచి ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ చాంబర్‌లోకి జారిపోయింది. దాని కోసం చాంబర్ విప్పాల్సి వచ్చింది. ఒక రోజు పని అలా పోయింది.

ఇప్పుడు మొదటి సిలిండర్. ప్లగ్గు రంధ్రంలో సన్నటి చెక్క పుల్ల పెట్టి, క్రాంక్ పుల్లీ బోల్ట్‌కి స్పానర్ తగిలించి తిప్పుతూ పిస్టన్ ఎత్తు చూడండి. ఈ ఇంజన్‌లో పిస్టన్ ప్రయాణం 72 మిల్లీమీటర్లు. పై నుంచి సుమారు సగం దూరం దిగాక ఆపి, పుల్ల తీసేసి, తాడు మెల్లగా కుక్కండి. ఓ అడుగు బయట ఉంచండి. తర్వాత క్రాంక్‌ని ఇంజన్ తిరిగే దిశలోనే చేత్తో నెమ్మదిగా తిప్పితే, కాసేపటికి మెత్తగా అడ్డు తగులుతుంది. అక్కడ ఆగాలి. పైపు తగిలించి బలం పెట్టకండి. క్రాంక్ కదలకుండా బండిని పై గేర్‌లో వేసి హ్యాండ్ బ్రేక్ లాగి ఉంచండి.

స్ప్రింగ్ పైన ఉన్న ప్లేటు అంచుమీద సరిపడే సాకెట్ ఆనించి చిన్న సుత్తితో ఒక్కసారి తట్టండి. ఏళ్ల తరబడి పట్టేసిన లాకులు వదులవుతాయి. ఈ తట్టు లేకుండా స్ప్రింగ్ కంప్రెసర్‌తో నొక్కితే స్ప్రింగ్ కదలక మనమే అలిసిపోతాం. తర్వాత స్ప్రింగ్ నొక్కి, లాకులు రెండూ అయస్కాంతంతో అందుకోండి. ప్లేటు, స్ప్రింగ్ తీయండి.

కింద కనిపించేదే సీల్. మా బండివి తీస్తే రబ్బరులా లేవు, బేకలైట్ ముక్కల్లా ఉన్నాయి. వేలితో నొక్కితే ఒకటి విరిగింది. ప్లయర్‌తో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ పైకి లాగండి. గైడ్‌కి గీతలు పడకూడదు.

సీల్ తీశాక వాల్వ్ కాడని పట్టుకుని పక్కలకి ఊపి చూడండి. ఈ పనిలో నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే పరీక్ష ఇది. లీలగా కదిలితే పర్వాలేదు. చేతికి స్పష్టంగా లొటలొటలాడితే గైడ్ అరిగింది. దాని మీద కొత్త సీల్ ఎక్కువ కాలం ఆగదు. అప్పుడు హెడ్ దించి గైడ్లు మార్పించడమే మందు.

కొత్త సీల్ లోపల, వాల్వ్ కాడ మీద కొంచెం ఇంజన్ ఆయిల్ రాయండి. కాడ పైన లాకులు కూర్చునే గాడి అంచు పదునుగా ఉంటుంది, సీల్ పెదవిని కోసేస్తుంది. సెట్‌తో ప్లాస్టిక్ తొడుగు వస్తే అది వేయండి, లేకపోతే పలచటి ప్లాస్టిక్ కాగితం చుట్టి, దాని మీదుగా సీల్ దించండి. సీల్ అంచుకి సరిపడే పొడుగు సాకెట్ పెట్టి మెల్లగా తట్టి గైడ్ మీద పూర్తిగా కూర్చోబెట్టండి. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ సీల్స్ వేరు వేరుగా ఉండే సెట్లు ఉన్నాయి, ప్యాకెట్ చూసుకోండి.

స్ప్రింగ్ తిరిగి పెట్టేటప్పుడు చుట్లు దగ్గరగా ఉన్న వైపు కిందికి రావాలి. లాకులకి కాస్త గ్రీజు రాస్తే కాడకి అతుక్కుని ఉంటాయి. రెండూ గాడిలో కూర్చున్నాక, తాడు ఇంకా లోపల ఉండగానే, వాల్వ్ కొస మీద ప్లాస్టిక్ సుత్తితో రెండు మూడు సార్లు తట్టండి. సరిగా కూర్చోని లాకు అప్పుడే ఎగిరి బయటపడుతుంది. ఇంజన్ నడిచేటప్పుడు ఊడటం కంటే అది మేలు. కళ్లద్దాలు పెట్టుకోండి.

అదే సిలిండర్ రెండో వాల్వ్ కూడా అయ్యాక గేర్ న్యూట్రల్ చేసి, క్రాంక్ కొద్దిగా వెనక్కి తిప్పి తాడు లాగేయండి. మిగిలిన రెండు సిలిండర్లకీ ఇదే వరస. మొత్తం ఆరు వాల్వులు. నాకు చాంబర్ సంగతి కాక ఒక పూట పట్టింది.

మధ్యలో వచ్చే చిక్కులు

స్ప్రింగ్ నొక్కుతుంటే వాల్వ్ కూడా కిందికి దిగుతోందా? తాడు చాలలేదు, లేదా క్రాంక్ వెనక్కి జరిగింది. స్ప్రింగ్ వదిలేసి, పిస్టన్ దించి, ఇంకో జానెడు తాడు పెట్టి మళ్లీ బిగించండి.

తాడు బయటికి రావట్లేదా? బలంగా లాగకండి. పిస్టన్ ఇంకాస్త దించితే లోపలి మెలిక విడి వచ్చేస్తుంది. తీశాక కొలిచి, కొస చెక్కుచెదరకుండా ఉందో చూడండి.

క్యామ్ నేరుగా వాల్వ్ మీద నొక్కే బకెట్ టాపెట్ ఇంజన్లలో క్యామ్‌షాఫ్టే తీయాలి కాబట్టి టైమింగ్ లాక్ చేయడం తెలిసినవాళ్లే మొదలుపెట్టాలి. డీజిల్ ఇంజన్లలో తాడు దూరేంత రంధ్రం ఉండదు, ఈ దారి వాటికి కాదు.

మళ్లీ స్టార్ట్

గుడ్డలన్నీ లెక్కపెట్టి తీయండి. రాకర్లు వాటి వాటి చోట బిగించి, మాన్యువల్‌లో ఇచ్చిన గ్యాప్ ప్రకారం టాపెట్లు సెట్ చేయండి. ప్లగ్గులు పెట్టకముందు క్రాంక్‌ని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి ఎక్కడా తగలడం లేదని చూసుకోండి. కొత్త గ్యాస్కెట్‌తో కవర్ మూసి, ఆయిల్ మార్చి, అప్పుడు బ్యాటరీ వైరు తగిలించండి.

మొదటి స్టార్ట్‌లో పొగ మునుపటికంటే ఎక్కువే రావచ్చు. సైలెన్సర్‌లో పేరుకున్న పాత ఆయిల్, పనిలో సిలిండర్‌లో పడిన ఆయిల్ కాలిపోవాలి. ఓ అరగంట రోడ్డు మీద నడిపితే తగ్గుతుంది. అసలు ఫలితం మర్నాడు పొద్దున చూడాలి. ఎవరినైనా వెనక నిలబెట్టి, మీరు లోపల కూర్చుని స్టార్ట్ చేయండి. మా ఇంట్లో వెనక నిలబడింది నాన్న. చేయి ఊపి ఏమీ లేదన్నారు. తర్వాత 500 కిలోమీటర్లకి ఒకసారి, 1000 కిలోమీటర్లకి ఒకసారి డిప్‌స్టిక్ చూసి, గీత ఎక్కడ ఉందో కిలోమీటర్లతో సహా రాసి పెట్టుకోండి.